నేను మెలిట్టా గిన్నెను

"ఏ కాలం వాళ్లో తిని పారేసిన గిన్నెలు కడగడానికి నీకు ఎక్కడలేని ఓపిక. మనం తిన్నవాటి మీద మాత్రం ఈగలు ముసరాల్సిందే," అంది అత్తగారు వాయా, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

అసిమీనా భోజనాల గిన్నెలు తోమేసి, అవే తడి చేతులతో వరండాలో రెండో తొట్టి ముందు కూర్చుంది. ఆ ఉదయం పురావస్తు తవ్వకంలో దొరికిన పాత కుండ పెంకులు అందులో నానుతున్నాయి. తవ్వకానికి పెద్ద ఆమె భర్త స్టెర్గియోస్. దొరికిన ప్రతి కుండనూ ప్రమిదనూ కడిగి, కొలిచి, బొమ్మ గీసేది ఆమె. పెళ్లయిన ఏడాది నుంచీ ప్రతి వేసవీ ఇదే పని. ఆ బొమ్మలతో పుస్తకాలొచ్చాయి, అన్నిటి మీదా ఆయన పేరొక్కటే. మొదటిసారి అడిగితే, "మనిద్దరం ఒకటేగా, ఎవరి పేరుంటే ఏం?" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకు అప్పుడు మురిసిపోయింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే ఒళ్లు మండుతుంది. ఇద్దరూ ఒకటే అయితే, ఆ ఒక్కరూ ఎప్పుడూ ఆయనే ఎందుకవుతాడు? కొత్త పుస్తకం బొమ్మలు రేపు అచ్చుకు పోతున్నాయి.

బ్రష్షు కింద ఒక చిన్న గిన్నె అడుగు తేలింది. మట్టి వదిలేకొద్దీ గీతలు, ఆ గీతల్లో అక్షరాలు. ఆ కాలపు గ్రీకులు వస్తువే మాట్లాడుతున్నట్టు దాని మీద రాసేవాళ్లు. "నేను మెలిట్టా గిన్నెను. నన్ను ముట్టుకోకు."

ఎవరో ఒకావిడ మేకు మొనతో వంకరటింకరగా గీకింది. ఇల్లు మొగుడిదే అయ్యుంటుంది, పెత్తనం అత్తగారిదే అయ్యుంటుంది. గిన్నె మాత్రం తనది. అసిమీనాకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

చేతులు తుడుచుకుని లోపలికెళ్లి, బొమ్మల కట్ట విప్పి, మొదటిదాని కింద పెన్సిలుతో రాసింది. "నేను అసిమీనా గీసిన బొమ్మను." తర్వాత రెండోదాని కింద. మూడోదాని కింద.

స్టెర్గియోస్ వచ్చి చూశాడు. "ఏంటిది, చిన్నపిల్లలా? ఎవరి పేరుంటే ఏం?"

"ఏం లేదుగా. అయితే నాదే ఉండనీ."

"రేపు చూద్దాంలే," అని గొణిగి తవ్వకానికి వెళ్లిపోయాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న వాయా లోపలికొచ్చింది. మళ్లీ గిన్నెల గోలే అనుకుంది అసిమీనా. ముసలావిడ బల్ల మీది నల్ల సిరా బుడ్డి తీసి కోడలి ముందుకు జరిపింది.

"దీంతో రాయవే. వాణ్ణి కన్నదాన్ని, నాకు తెలీదూ? పెన్సిలైతే చెరిపేస్తాడు."