సెకనుకు యాభై బొమ్మలు

మదార్ అనుమానంతోనే పుట్టి పెరిగిన మనిషి. పాలవాడు పాలు కొలిచి పోస్తుంటే పాల వంక చూడడు, కొలతలో మునిగిన వాడి బొటనవేలి వంక చూస్తాడు. పెళ్లయిన కొత్తలో భార్య సకీనా వండిన ఖీమా నోట్లో పెట్టుకుని, "బాగుండాది. ఎవురు చేసినారు?" అని అడిగిన ఘనుడు. నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర అతని సెల్‌ఫోన్ రిపేరు అంగడికి వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ వస్తారు, ఎందుకంటే పని మాత్రం శుద్ధంగా చేస్తాడు.

2008 ఆగస్టులో ఒక సాయంత్రం, తెల్లచీర కట్టిన నర్సమ్మ ఒకామె వచ్చి, చేతిరుమాల్లో చుట్టిన వస్తువును కౌంటరు అద్దం మీద పెట్టింది. విప్పితే గేమ్ మిషన్. రెండు చేతుల్లో ఇమిడే సైజు, మధ్యలో తెర, అటూ ఇటూ బొత్తాలు. నంద్యాల మొత్తం వెతికినా అలాంటివి పది దొరకవు.

"ఇందులో పాత టీవీ గేములు ఏసిస్తావంట కదన్నా?"

వేస్తాడు. పాత వీడియో గేమ్ డబ్బాలా నటించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని ఎమ్యులేటర్ అంటారు. ముందు దాన్ని ఎక్కించి, దాని మీద పాత ఆటను ఎక్కిస్తే, ఎప్పుడో పాతసామాన్ల వాడికి పోయిన డబ్బా మళ్లీ లేచి కూర్చుంటుంది. అయితే ఎంతైనా నటన కదా, బొమ్మ ఎగిరెగిరి పడుతుంది, పాట గరగరలాడుతుంది. వాటిని ఓపిగ్గా సర్దడంలో మదార్‌ది అందె వేసిన చేయి. కానీ ముందు అడగాల్సింది అడగాలి.

"మిషన్ యాడిదమ్మా?"

"హైదరాబాద్‌లో కొన్నా. ఇదో బిల్లు."

అడగకుండానే బిల్లు తీసిచ్చింది. దాంతో మదార్ అనుమానం రెండింతలైంది. దొంగసొత్తు కాని వస్తువుకు బిల్లు సంచిలో పెట్టుకుని తిరిగే మనిషిని అతను అంతవరకు చూడలేదు.

"ఏ ఆట కావాల?"

"ఏడు కోటలు."

పదేళ్లయింది ఆ పేరు ఎవరి నోటా విని. మదార్ ఆట ఎక్కించి పంపాడు.

వారం తిరక్కుండానే ఆమె మళ్లీ వచ్చింది. "బాగలేదంటాడన్నా మా ఇంటాయన. బొమ్మ ఎగురుతాందంట." ఎగరడం నిజమే. చిప్పు అందుకోలేనప్పుడు ప్రోగ్రాం మధ్యమధ్యలో బొమ్మల్ని మింగేస్తుంది. మదార్ ఆ మింగడం ఆపేశాడు, చిప్పు వేగం పెంచాడు, పాటలో గరగర పోయేదాకా గంటసేపు చెవి పెట్టి కూర్చున్నాడు. ఇంక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదనుకున్నాడు.

మూడోసారి ఆమె వచ్చి, "ఇప్పుడు నున్నగుండాది గానీ, ఉరుకుతాందంటాడన్నా," అంది.

మదార్ తల ఎత్తాడు. ఆ మాట అతనికి బాగా తెలుసు.

"మీ ఇంటాయన పేరేందమ్మా?"

"మహేశ్వర్. ఆళ్లగడ్డ. నా పేరు అరుణకుమారి, ఈడ ఆస్పత్రిలో పనిచేస్తాండా."

మదార్ మిషన్‌ని మెల్లగా అద్దం మీద పెట్టేశాడు. ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు.

1998లో ఇదే గదిలో మదార్ వీడియో గేముల అంగడి నడిపేవాడు. గంటకింత అని ఇచ్చి, టీవీ ముందు బెంచీ మీద కూర్చుని ఆడుకోవడమే. ఆళ్లగడ్డలో మహేశ్వర్‌దీ అలాంటి అంగడే. ఇద్దరూ క్యాసెట్లు మార్చుకునేవాళ్లు, ఒకే ప్లేటులో బిర్యానీ తినేవాళ్లు. ఒకరోజు మహేశ్వర్, "అన్నా, ఏడు కోటలు గెలిచేసినా. ఒక్క లైఫు మీద," అన్నాడు. ఏడో కోట దాటినవాడు రెండు ఊళ్లలోనూ లేడు. మదార్‌కు నాలుగో కోట దాటడమే గొప్ప. "యాడ, ఎవురు చూసినారు?" అన్నాడు. రాత్రి అంగడి మూసి ఒక్కడే ఆడానని, ఎవరూ చూడలేదని మహేశ్వర్ చెప్పాడు. అయితే నా ముందర ఆడి చూపించు అన్నాడు మదార్. ఆదివారం పొద్దున ముప్పై మంది జనం చేరారు. మహేశ్వర్ కూర్చున్నాడు, ఆడాడు, మూడో కోటలోనే చచ్చాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ మూడో కోటే. చెమటలు తుడుచుకుంటూ, "మీ మిషన్ ఉరుకుతాందన్నా," అన్నాడు.

మదార్ ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. లేచి నిలబడి, అందరికీ వినపడేలా, "కోతల మహేశ్వర్!" అన్నాడు. ముప్పై మందీ పగలబడి నవ్వారు.

ఆ పేరు మహేశ్వర్ కంటే ముందు బస్సెక్కి ఆళ్లగడ్డ చేరింది. తర్వాత అతను అంగడి మూసేశాడని, మోటార్లు చుట్టే పని నేర్చుకున్నాడని మదార్ విన్నాడు. కలవలేదు. అబద్ధమాడినవాడు తనంతట తాను రావాలి గానీ తను పోవడమేమిటి అనుకున్నాడు.

ఇప్పుడు పదేళ్లకు, పెళ్లాన్ని ముందు పెట్టుకుని వస్తున్నాడు. మదార్‌కు అంతా అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. మిషన్‌ని తన చేతనే నిదానం చేయిస్తాడు, ఆ నిదానం మీద ఆడి గెలుస్తాడు, మళ్లీ ముప్పై మందిని పోగుచేసి తన ముఖాన ఉమ్మేస్తాడు. ఎంత ఓపిక, ఎంత పగ!

"ఉరికేదేం లేదమ్మా. ఆట వేగమే అంత. చేతగాక మిషన్ మీద పెడతాండాడు మీ ఆయన."

అరుణకుమారి కోపగించుకోలేదు. నర్సులకు రోగులతో అలవాటు. ఎడమ చేతికున్న గడియారం చూపించి, "మొదటి కోటలో ఒక పాటొస్తాది కదన్నా, మా ఆయన మోటార్ చుట్టేటప్పుడల్లా దాన్నే కూనిరాగం తీస్తాంటాడు. పెండ్లయిన కాణ్నుంచీ వింటాండా. ఊరికే ఉండలేక ఒకరోజు నాడి చూసినట్టు చూసినా. పాట మొదలుపెట్టి తిరిగి మొదటికొచ్చేసరికి సరిగ్గా నిమిషం. నీ మిషన్‌లో యాభై సెకన్లకే ఐపోతాంది. పది సెకన్లు యాడికి పోయినట్టు?" అంది.

"ఓయమ్మా, కూనిరాగం ఒక కొలతనా? మనిషి ఒకరోజు నిదానంగా పాడతాడు, ఇంకోరోజు బేగా పాడతాడు."

"పన్నెండు దినాలు చూసినా. ఒక సెకను అటో ఇటో, అంతే."

మిషన్ వదిలేసి ఆమె బస్సుకు వెళ్లిపోయింది. మదార్ ఆమె లెక్క తప్పని తేల్చేయడానికే ప్రోగ్రాం తెరిచి, సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా తడిమాడు. ఎప్పుడూ ముట్టని మూలలో ఒక వరుస కనిపించింది. తెర మీద సెకనుకు అరవై బొమ్మలు మారాలా, యాభై మారాలా అని అడుగుతోంది. టీవీ పద్ధతులు దేశానికొకటి కాబట్టి పాత గేమ్ డబ్బాలూ రెండు రకాలుగా వచ్చేవి, బొమ్మలు ఎక్కువైతే ఆటా అంత వేగంగా నడిచేది. అతను ఇంతకాలం అరవై మీదే వదిలేశాడు. యాభైకి మార్చి, గోడ గడియారం చూస్తూ పాట పెట్టాడు.

అరవై సెకన్లకు పాట మొదటికొచ్చింది.

అప్పుడు మదార్‌కు తన పాత డబ్బా గుర్తొచ్చింది. మద్రాసులో కొన్నది. టీవీకి తగిలిస్తే బొమ్మ నిలవకుండా పైకి పాకిపోతూ ఉండేది. రోజూ పొద్దున్నే టీవీ వెనకున్న మర తిప్పి దాన్ని నిలబెట్టేవాడు. మన టీవీలు యాభైవి. ఆ డబ్బా అరవైది, అందుకే ఆ తిప్పలు. మహేశ్వర్ టీవీలో బొమ్మ ఎప్పుడూ పాకలేదు, అంటే అతని డబ్బా యాభైది. తన అంగట్లో ఆరోజు మహేశ్వర్ కాళ్ల కింద నేల నిజంగానే ఉరికింది, తను గొంతెత్తి వెక్కిరించాడు.

ఇంకొకరైతే అక్కడితో తల వంచేవాళ్లు. మదార్‌కు ఇంకో అనుమానం మిగిలింది. పన్నెండు దినాలు చూశానని ఆ నర్సమ్మ చెప్పడమే కదా. మొగుడూ పెళ్లాం కలిసి ఈ సెట్టింగు ఎక్కడో చదివి, కూనిరాగం కథ అల్లుండవచ్చు. రాత్రి అన్నం దగ్గర సకీనాతో ఆ మాటే అన్నాడు.

"అల్లా! నీతో అవునని చెప్పించుకునేదానికి ఆ యమ్మ ఇంత కత అల్లాల్నా? పోయి చెవితో విను, అయిపోతాది," అంది సకీనా.

పోయాడు. చెప్పకుండా పోయాడు, చెబితే జాగ్రత్త పడతారని. శిరివెళ్ల మీదుగా గంటన్నర బస్సు. దారంతా మనసు ఒకటే పోరు పెట్టింది. పోనీ, మిషన్ తేడా నిజమే అనుకో. ఆరోజు ఎందుకు ఓడాడో తెలిసింది, అంతేగా. అంతకుముందు గెలిచాడని ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఆ సాక్ష్యం ఏ సెట్టింగులోనూ దొరకదు.

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో మోటార్ వైండింగు షాపు. మహేశ్వర్ వీపు ఇటు పెట్టి పీట మీద కూర్చుని, బోరు మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. మదార్ పక్కనున్న టీ బంకు స్తంభం చాటున నిలబడి, చేతిగడియారం తీసి పట్టుకున్నాడు. నలభై రెండేళ్ల మనిషి, పట్టపగలు, కోడిని పట్టేవాడిలా నక్కి నిలబడటం చూసి టీ పోసేవాడికి కూడా అనుమానం వచ్చింది.

కాసేపటికి కూనిరాగం మొదలైంది. తీగ తిరుగుతోంది, పాట నడుస్తోంది. మదార్ ముల్లు వంక చూశాడు. పాట మొదటికొచ్చేసరికి అరవై సెకన్లు. ఇంకోసారి విన్నాడు. అరవై. మూడోసారి యాభై తొమ్మిది.

"యెంతొచ్చిందన్నా?" అన్నాడు మహేశ్వర్ వెనక్కి తిరక్కుండానే. "ఈ గోడ అద్దంలో కనపడతాండావ్, వచ్చినప్పట్నుంచీ."

మదార్ సిగ్గుపడుతూ లోపలికి వచ్చి, చూపించిన స్టూలు మీద కూర్చున్నాడు. చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన మిషన్‌ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా డబ్బా అరవైది, నీది యాభైది. నా అంగట్లో ఆట నిజంగానే ఉరికింది మహేశా. ఉరుకుతాందని నువ్వు నిజమే చెప్పినావ్. నేనే తప్పు చేసినా."

మహేశ్వర్ తీగ వదిలేశాడు. అతను తిడతాడని మదార్ ఎదురుచూశాడు. పదేళ్లు దాచిన తిట్లు పడతాయని తయారుగానే వచ్చాడు. మహేశ్వర్ మాత్రం పీట మీదే ఇటు తిరిగి, "నిజమా?" అన్నాడు. ఆ అడగడం చూస్తే, అతనికే తెలియని సంగతి ఎవరో వచ్చి చెప్పినట్టుంది.

"ఏంది నిజమా అంటాండావ్? గెలిచినానన్నది నువ్వే కదప్పా?"

"ఏమోన్నా." మహేశ్వర్ చేతులకంటిన వార్నిషు గుడ్డతో తుడుచుకున్నాడు. "మొదట్లో కొట్లాడినా అందరితో. తర్వాత విసుగొచ్చింది. కోతల మహేశ్వర్ అంటే పలికేదానికి కూడా అలవాటు పడినా. వినీ వినీ నాకే అనుమానమొచ్చింది. రాత్రి ఒక్కణ్నే ఆడినా కదా, నిద్రమత్తులో కలగన్నానేమో అని. ఏడో కోట యాదికి తెచ్చుకుంటే తలుపొకటి అగుపిస్తాది, దాని ఎనకాల ఏముండాదో అగుపించదు. నాలుగేండ్ల కింద అరుణతో చెప్పేసినా, అబద్ధమే ఆడినానని. ఆయమ్మే ఒప్పుకోల్యా. ఆడని అబద్ధాన్ని యాల ఒప్పుకుంటాండావ్ అని కొట్లాడింది. ఈ మిషన్ కొనకొచ్చింది కూడా అందుకే."

ఊరందరినీ అనుమానించిన మదార్, ఎదుటివాడి చేత అతన్నే అనుమానింపజేస్తానని ఏనాడూ అనుకోలేదు. తన జబ్బును అంటించేసి, తను హాయిగా అంగడి తెరుచుకుని కూర్చున్నాడు.

"యాభై మీద పెట్టినా," అన్నాడు, మిషన్ చాపుతూ. "ఆడు. నీ డబ్బా లెక్కనే ఉంటాది."

మహేశ్వర్ దాన్ని తీసుకోలేదు. చేతులు ఒళ్లో దాచుకున్నాడు. "మొదటి కోట అయినాక రోజూ ఆపేస్తాండాన్నా. ఉరుకుతాందని వంక చెప్పి. ఇప్పుడు ఆ వంక కూడా ల్యాకపాయె. ఆడి ఓడిపోతే?"

మదార్ ఒక్కసారి బస్సులో అనుకున్నదంతా తలుచుకున్నాడు. సాక్ష్యం లేదు, చూసినవాడు లేడు, ఆడినవాడికే గుర్తు లేదు. ఇంతకంటే బలహీనమైన కేసు ఏ కోర్టులోనూ ఉండదు. అతను మిషన్‌ని ఆపేసి చేతిరుమాల్లో చుట్టి బల్ల మీద పెట్టాడు.

"ఆడాల్సిన పన్లేదు. నువ్వు గెలిచినావ్. నేను నమ్ముతాండా."

"ఏం చూసి?"

"ఏమీ చూడలేదప్పా. నువ్వు చెప్పినావ్, చాలు. ఇప్పుడే బయటికి రా, టీ బంకు కాడ నలుగురిలో చెప్తా. నంద్యాలలో కూడా చెప్తా, ఆరోజు నవ్వినోళ్లందరినీ యెతికి చెప్తా."

మహేశ్వర్ లేవలేదు. కళ్లు తుడుచుకోబోయి, చేతికి వార్నిషుందని గుర్తొచ్చి, భుజానికి తుడుచుకున్నాడు.

"వాళ్లకు తర్వాత చెబుదువులేన్నా," అన్నాడు. "ముందు నాకే ఇంగోసారి చెప్పు."