గెంతుడు బల్ల

"పొద్దున లేచింది మొదలు ఇల్లంతా తిరుగుతూనే ఉంటావు. ఇంతకంటే వ్యాయామం ఏం కావాలే నీకు?" అన్నారు మామగారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. అత్తగారు పిడి పట్టుకుని, కిటికీ పక్కనున్న, గెంతడానికి సాగే గుడ్డ బిగించిన చిన్న ట్రాంపొలిన్ ఎక్కారు.

కోడలు బట్టలు మడతపెడుతూ చూస్తోంది. బాత్రూంలో జారిపడ్డ దగ్గర్నుంచి అత్తగారి కాళ్లకంటే ధైర్యమే ఎక్కువ దెబ్బతింది. గోడ పట్టుకోకుండా గేటు దాకా కూడా వెళ్లేవారు కాదు. వంట మాత్రం గట్టు పట్టుకుని నిలబడైనా చేసేవారు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చివరికి ఫిజియోథెరపిస్టు అత్తగారి నడక చూసి, "నేలమీద గెంతితే మోకాళ్లకు తగిలే అదురు ట్రాంపొలిన్ మీద అంతగా ఉండదమ్మా. ముందు పాదాలు లేపకుండా ఊగండి, చాలు. కాళ్లకు బలం వస్తుంది, తూలడం తగ్గుతుంది" అంది. కోడలు మర్నాడే కొని తెచ్చింది. మామగారు దానికి గెంతుడు బల్ల అని పేరు పెట్టారు. కొడుకు, "అమ్మా, పైకప్పు జాగ్రత్త!" అని నవ్వాడు.

పిడి వదిలితే ప్రాణం పోతుందన్నట్టు పట్టుకున్న మనిషి, ఇప్పుడు చేతులు ఊపుతూ చెమట పట్టేదాకా గెంతుతున్నారు. రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోందట. మొన్న మందుల షాపుకు ఒక్కరే వెళ్లొచ్చారు. గుమ్మంలో ఆవిడ మొహం చూసి కోడలికి కళ్లు చెమర్చాయి. పతకాలు గెలిచినవాళ్లను కూడా ఆమె ఎప్పుడూ అంతగా మెచ్చుకోలేదు.

చిక్కల్లా ఒక్కటే. ఆవిడ ఎక్కగానే మామగారికి ఏదో ఒకటి కావాలి. కళ్లజోడో, మంచినీళ్లో, కాఫీయో. పిలవగానే దిగేవారు, దిగితే మళ్లీ ఎక్కబుద్ధయ్యేది కాదు. అందుకని కోడలు, ఆఫీసుకు ఆలస్యమవుతున్నా, తానే పరుగెత్తడం మొదలుపెట్టింది. అత్తగారికి గొప్ప సాయం చేస్తున్నాననే అనుకుంది.

"కాఫీ ఏమైంది?" అన్నారు మామగారు.

కోడలు బట్టలు పక్కన పెట్టి లేచింది.

"నువ్వు కూర్చో," అన్నారు అత్తగారు, గెంతడం ఆపకుండానే.

"ఫర్లేదు అత్తయ్యా, మీరు కానివ్వండి."

"నువ్వు లేస్తే నా చాకిరీ తగ్గినట్టు కాదే, నీ నెత్తిన పడ్డట్టు. అలాగైతే నాకీ కాళ్లు బాగయ్యి ఏం లాభం? కూర్చో." తర్వాత గొంతు పెంచారు. "ఏవండీ, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నాక్కూడా ఓ కప్పు కలపండి."

మామగారు కోడలి వైపు చూశారు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. పెళ్లయినప్పటినుంచీ మాట అవసరం లేకుండా ఆ చూపుకే లేస్తోంది. ఇప్పుడూ మోకాళ్లు వాటంతటవే కదలబోయాయి. ఊపిరి గట్టిగా పీల్చుకుని, సోఫాలో వెనక్కి జారగిలబడింది.

"అత్తయ్యా, అలిసిపోతే చెప్పండి," అంది. "తర్వాతి వంతు నాది."