చీటీ అంటించని ఎర్ర వాజు

ఎర్ర వాజు ఖాళీగా ఉంది. పొద్దున తన చేత్తో పోసిన యాసిడ్ నీళ్ళు ఒక్క చుక్క కూడా లేవు. పక్కన కుర్చీలో కూర్చుని భర్త మూతి తుడుచుకుంటున్నాడు.

ఫోనొస్తే ఆమె వరండాలోకి వెళ్ళింది రెండే రెండు నిమిషాలు.

విక్టోరియా రాణి కాలం నాటి రంగు గాజు ఫ్లవర్‌వాజులంటే ఆమెకు ప్రాణం. పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి ఇరవై మూడు పోగేసింది. "పూలు పెట్టని వాజులెందుకు వదినా, వంట చెయ్యని గిన్నెల్లాగ?" అని ఆడపడుచు దెప్పితే నవ్వి ఊరుకునేది. అంత పాత గాజుకి లోపల తెల్లటి మరక కడుతుంది. అది వదలాలంటే యాసిడ్ కలిపిన నీళ్ళు పోసి నానబెట్టాలి. రంగు గాజు కాబట్టి లోపల ఏముందో పైకి తెలియదు. ముప్పై ఏళ్ళు కాలేజీ లాబ్‌లో పనిచేసిన మనిషి, చీటీ లేని సీసా కనబడితే లెక్చరర్లని సైతం దులిపేసిన మనిషి, ఇంట్లో మాత్రం ఒక్క వాజుకీ చీటీ అంటించలేదు. జిగురు తగిలితే అంచున ఉన్న బంగారుపూత లేచిపోతుందట! చెప్పేటందుకే నీతులని ఊరికే అన్నారా?

"ఏమండీ, ఇందులోవి తాగారా?"

ఆయన నవ్వాడు. ఒకప్పుడు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినవాడు. మతిమరుపు జబ్బు మాటల్నీ అక్షరాల్నీ ఒక్కొక్కటిగా మింగేసింది.

"తాగాను" అన్నాడు.

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. "ఎంత తాగారు?"

"తాగలేదు" అన్నాడు, అంతే ధీమాగా.

నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. నాలుక మామూలుగానే ఉంది. గొంతు లోపల ఎలా ఉందో ఎవరికి తెలుసు? అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"ఏం తాగారమ్మా?"

"యాసిడ్. తాగారో లేదో తెలీదు."

"ఆయన్ని అడగండి."

"అడుగుతూనే ఉన్నానయ్యా!"

"వాంతి మాత్రం చేయించకండి. బయల్దేరుతున్నాం."

సింకు చూసింది, పొడిగా ఉంది. నేలా పొడిగానే ఉంది. కుండీల్లో మట్టీ తడవలేదు. మరి ఆ నీళ్ళెక్కడికి పోయినట్టు? 'నా సరదా తగలెయ్య! ఆయన గొంతు దక్కితే చాలు, ఇరవై మూడూ నా చేత్తోనే పగలగొడతాను' అని బావురుమంది.

ఏడుపు విని ఆయన లేచాడు. భోజనాల బల్ల మీద నుంచి గాజు గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా తెచ్చాడు.

"ఇదిగో. నీకే. కడిగీ కడిగీ అలిసిపోయావు. తాగు."

ఘాటు ముక్కుకి తగిలింది. పొద్దున వాజులోకి ఆమె కొలిచి పోసింది సరిగ్గా గ్లాసుడు. ఇప్పుడు ఈ గ్లాసు నిండా ఉంది.

ఆయన తాగలేదు. ఆమె గుండె కుదుటపడింది, మరుక్షణమే ఆ గ్లాసు తన కోసమని తట్టింది. ఆయన ఏ గ్లాసు అందించినా ఆమె చూడకుండా గటగటా తాగేస్తుంది. ఆమెకి నీళ్ళందించడం, ఆయనకి మిగిలిన పని అదొక్కటే మరి.

"తాగవా?" ఆయన మొహం చిన్నబోయింది.

గ్లాసు అందుకుని, వెనక్కి తిరిగి సింకులో పారబోసింది. వేరే గ్లాసులో నీళ్ళు పట్టి, ఆయన చూస్తుండగా చివరి చుక్క దాకా తాగింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్ని నెలలయిందో!

"ఇంకొంచెం?" అంటూ ఆ గ్లాసు తీసుకుని అల్మరా దగ్గరికి నడిచి, నీలం వాజు మీద చెయ్యి వేశాడు. అందులోనూ యాసిడ్ నీళ్ళే ఉన్నాయి.

ఆమె పరుగున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు చీటీలు అంటించి ఏం లాభం? ఆయనకి చదవడం రాదు. తనకి వాజుల్ని వదులుకోవడం రాదు. ఇద్దరిలో ఇంకా నేర్చుకోగలిగింది తనొక్కతే.