అస్విని వచ్చినప్పటి నుంచి

ఆ శనివారం ఉదయం మిద్దె మీదికి ఎక్కగానే వేదనాయకికి ఒళ్ళు మండిపోయింది. పన్నెండు కుండీల్లో పన్నెండు రోజా చెట్లు, పదకొండేళ్ళుగా బిడ్డల్లా సాకినవి. పన్నీరు రోజా మొగ్గల మెడ చుట్టూ ఆవగింజకన్నా చిన్న ఆకుపచ్చ పురుగులు సందు లేకుండా అంటుకుని ఉన్నాయి. ఆకులన్నీ జిగట, ఆ జిగట మీద మసి. ఆ జిగట నాకడానికి చీమలు కాండం వెంట బారులు తీరి పైకి పోతున్నాయి. విచ్చుకోవాల్సిన మొగ్గ వంకర తిరిగి అట్లాగే ఎండిపోతోంది.

మూడు వారాలుగా ఆమె చేయనిది లేదు. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టింది. వేపనూనెలో సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లింది. పురుగు పట్టిన కొసలు కత్తిరించి సంచిలో మూటగట్టి పారేసింది. రెండు రోజులు శుభ్రంగా ఉండేది, మూడో రోజుకు మళ్ళీ మొదలు. ఇదంతా కోడలు కొనుక్కొచ్చిన పసుపు రోజాతో ఇంట్లోకి వచ్చిందని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో పెట్టుకునే అలవాటు ఆమెకు లేదు కాబట్టి, ఈ చీడ ఆ చెట్టుతోనే వచ్చిందని రోజుకు రెండుసార్లు కోడలికి వినపడేట్టు చెప్పింది కూడా. పసుపు రోజాను నల్ల ప్లాస్టిక్ కవరుతో సహా నీళ్ళ ట్యాంకు వెనక నీడలోకి నెట్టేసింది.

ఆ పురుగును ఆంధ్రాలో పేనుబంక అంటారట. వేదనాయకి ఆ మాట జన్మలో వినలేదు. సత్రపట్టిలో ఆమె నాయన పత్తి చేలో దానికి తమిళంలో అసువిని అని పేరు. వ్యవసాయ ఆఫీసు వాళ్ళ కాగితాల్లోనూ అదే ఉంటుంది. నోటికి తిరగడానికి అందరూ అస్విని అంటారు. కోడలి పేరు అశ్విని కావడం ఎవరి తప్పూ కాదు. అయితే ఆ రెండూ ఒకేలా పలుకుతాయన్న సంగతి వేదనాయకికి ఏనాడూ తట్టలేదు. కోడలు వచ్చి అయిదు నెలలైంది. ఈ అయిదు నెలల్లో ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ఇదిగో అంటుంది, ఏమ్మా అంటుంది, కోపం వస్తే నీ పెండ్లాము అని కొడుకుతో అంటుంది. అందువల్ల ఆమె నోట అస్విని అంటే పురుగు ఒక్కటే.

చేతికంటిన జిగటను కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది. రోజాలు పెంచే ఆడవాళ్ళకు ఒక గ్రూపు ఉంది, పేరు మాడి రోజా. మిద్దెను రాజపాళయంలో మాడి అంటారు. దాన్ని నడిపేది శంకరియమ్మాళ్, రోజాల విషయంలో ఆవిడ మాటంటే అందరికీ గురి. కళ్ళద్దాలు కింద వంటింట్లో ఉన్నాయి. కోపంలో ఎవరు కిందికి దిగుతారు? గ్రూపు పేరు మొదట్లో 'మా' అనే అక్షరం మసగ్గా చూసి నొక్కి, మైకు గుర్తు పట్టుకుని నోరు తెరిచింది.

"అక్కా, ఈ అస్విని మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు నిమ్మతి లేదు. చూసేదానికి మెత్తగా ఉండాది, మొత్తం ఎక్కి కూర్చున్నాది. ఉండే సారమంతా పీల్చేస్తా ఉండాది. ఎంత తోసినా రెండు నాళ్ళు కనపడదు, మళ్ళీ వచ్చి ఒట్టుకుంటాది. దాన్ని చూస్తానే నాకు చీదరగా ఉండాది. ఇంక ఓర్చుకునేదానికి లేదు. గట్టి మందుగా ఒకటి చెప్పండి, ఒక్క దెబ్బకు పోవాల."

మాడి రోజాకు పైన ఉన్న గ్రూపు పేరు మా ఇల్లు. ఆమె నొక్కింది దాన్ని. చుట్టాలు ముప్ఫై నాలుగు మంది. కోడలు, కోడలి అమ్మ సుందరవల్లి కూడా అందులోనే ఉన్నారు.

వేదనాయకి ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు. అశ్విని ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు టీచరు. శనివారం కూడా బడి ఉంది. ఇంటర్వెల్లో విన్నదట. సాయంత్రం బడి నుంచి ఇంటికి రాలేదు, తళవాయిపురం బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

కొడుకు కణ్ణన్ వచ్చి ఫోను తల్లి ముందు పెట్టి వినిపించినప్పుడు గాని ఆమెకు సంగతి తెలియలేదు. అప్పటికే గ్రూపులో ఒక పిన్ని దండం బొమ్మ పెట్టి ఊరుకుంది. ఇద్దరు గ్రూపు వదిలి పోయారు. కణ్ణన్ అరవలేదు. అరిస్తే తల్లి కూడా అరిచి తేల్చేసుకునేది. వాడు బనియన్‌తోనే కూర్చుని, ఇంత కడుపులో పెట్టుకున్నావామ్మా అని మెల్లగా అడిగాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వచ్చిన కోపం మామూలు కోపం కాదు. అసువినిరా, పురుగురా, చెట్టు మీది పురుగు అని వాడి చెయ్యి పట్టి మిద్దె మీదికి లాక్కుపోయి చూపించింది. భర్త కృష్ణసామి వెనకే వచ్చి, కొమ్మను చూసి, పకపకా నవ్వాడు. ముప్ఫై ఏళ్ళు నూలు మిల్లులో పని చేసిన మనిషి, పత్తిని బేళ్ళుగా చూశాడే గాని చెట్టు మీద చూడలేదు. అసువిని అన్న మాట ఆయనా ఎప్పుడూ వినలేదట. ఆ నవ్వుకు వేదనాయకి నీళ్ళ చెంబు విసిరేసింది. చెంబు ఆయనకు తగల్లేదు, అది వేరే బాధ.

ఆమె మంటంతా ఒకటే. ముప్ఫై నాలుగు మందిలో ఒక్కరైనా ఫోను చేసి, వేదూ, నువ్వు ఎవర్ని అంటున్నావు అని అడగాలి కదా? కన్న కొడుకు అడగాలి కదా? విన్నారు, నమ్మేశారు. కోడలికి మందు పెట్టే మనిషినా నేను? ఆ పూట ఆమె అన్నం తినలేదు. కణ్ణన్ ఎన్నిసార్లు చేసినా అశ్విని ఫోను ఎత్తలేదు. పురుగు సంగతి రాసి పంపినా చూడలేదు.

మరునాడు తెల్లారగానే వేదనాయకి పన్నీరు రోజా నుంచి బాగా పురుగు పట్టిన కొమ్మ ఒకటి కత్తిరించింది. పాలకవరు కడిగి అందులో పెట్టి మూతి ముడేసింది. కణ్ణన్ బండి మీద దించుతానంటే వద్దంది. తన మాట తనే చెప్పుకుంటానని బస్సెక్కింది. దారి పొడవునా ఏమేమి అనాలో కూడబలుక్కుంది. క్షమించమని అడగాలన్న ఆలోచన అందులో లేదు. ఆమె లెక్కలో అడగాల్సింది వాళ్ళు.

సుందరవల్లి గడపలోనే ఎదురైంది. రండి వదినా అంది గాని పక్కకు తప్పుకోలేదు. వేదనాయకి అక్కడే కవరు విప్పి కొమ్మ చేతికిచ్చింది. సుందరవల్లి పుట్టింటి వాళ్ళూ చేను చేసినవాళ్ళే. మొగ్గను వేలితో నిమిరి చూసి, ఆ జిగట చూసి, అమ్మాడీ, ఇది అసువినే దా అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. వయసైన బుద్ధికి ఆ మాట తట్టలేదే అని తనను తానే తిట్టుకుంది. లోపలికి పిలిచి కుర్చీ వేసింది, కాపీ పెట్టబోయింది.

గెలిచిన మనిషిలా వేదనాయకి కూర్చుంది. అశ్విని లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది. అమ్మ చేతిలోని కొమ్మను తీసుకుని, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఒక పురుగు ఆమె గోటి మీదికి పాకింది. దాన్ని దులపలేదు.

"ఇప్పుడైనా తెలిసిందా? నేను అన్నది దీన్ని," అంది వేదనాయకి. "ఒక్క మాట అడిగినావా నన్ను? అడగకనే వచ్చేసినావు."

అశ్విని కొమ్మను కవరులో పెట్టి, ముడేసి, అత్త పక్కన బల్ల మీద ఉంచింది.

"తెలిసింది అత్తా. పురుగునే అన్నారు. ఎందుకు అడగలేదంటే, విన్నప్పుడు నాకు సందేహం రాలేదు. మొత్తం ఎక్కి కూర్చున్నావని దీపావళి నాడు నన్ను అన్నారు. ఆయన పక్కన కూర్చుంటే ఒట్టుకుంటా ఉంటాదని అన్నారు. వాడి సారమంతా పీల్చేస్తా ఉండాదని పక్కింటి వెళ్ళత్తాయితో అన్నారు, నేను బట్టలు ఆరేస్తా విన్నాను. చూస్తానే చీదరని పోయిన వారం అన్నారు. అందులో మందు ఒక్కటే దా కొత్త."

సుందరవల్లి వంటింటి గుమ్మంలో కాపీ గ్లాసుతో ఆగిపోయింది. వేదనాయకికి ఎగదన్నుకుని కోపం వచ్చింది. నోరు తెరిచింది. అట్లా అనలేదని అందామంటే, అన్నది గుర్తుంది. అవన్నీ మంచికి చెప్పినవి అందామంటే, చీదర అన్నది ఏ మంచికో తనకే తెలియలేదు. కాపీ తాగకుండా లేచి బయటికి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు.

రాజపాళయం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కవరు ముడి వదులైనట్టుంది, ఒక చీమ ఆమె మణికట్టు మీదికి ఎక్కింది. దాన్ని నలిపేసింది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోను తీసి, మా ఇల్లు గ్రూపులో తన గొంతును తనే పెట్టుకుని వింది. ఈ మాటల్లో ఎక్కడో ఒకచోట ఇది చెట్టు సంగతని తెలిసే మాట ఉండి తీరాలి. అది పట్టుకుని కోడలి మొహాన కొట్టాలి. మొత్తం వింది. మళ్ళీ మొదటి నుంచి వింది. మూడోసారి చెవికి గట్టిగా ఆనించుకుని వింది. రోజా లేదు, ఆకు లేదు, కొమ్మ లేదు. ఒక ముసలిది ఇంటికొచ్చిన పిల్లను తిడుతోంది, అంతే. ఆ ముసలిదాని మీద ఆమెకు పుట్టెడు కోపం వచ్చింది. ఎవర్నైనా తిట్టడానికి జన్మలో మాటకు తడుముకోని మనిషి, ఈ గొంతును ఏమని తిట్టాలో తెలియక కూర్చుంది.

తరవాతి స్టాపులో దిగిపోయింది. ఎండలో ఇరవై నిమిషాలు నిలబడి తళవాయిపురం బస్సు పట్టుకుంది.

సుందరవల్లి ఇంటి గడప ముందు చెప్పులు విడిచింది గాని లోపలికి అడుగు పెట్టలేదు. ముందు గదిలో ఎవరూ లేరు. పిలవాలి. ఇదిగో అని నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఏమ్మా అని వచ్చింది, దాన్నీ మింగేసింది. పదకొండేళ్ళ రోజాల్ని తిన్న పురుగు పేరొకటే మిగిలింది. దాన్ని మర్యాదగా పలకడం ఎట్లాగో ఆమె నోటికి అలవాటు లేదు.

"అశ్వినీ," అని పిలిచింది.

లోపల ఏదో గిన్నె సద్దు ఆగింది. వేదనాయకి గడప బయటే నిలబడి, ఇంకొకసారి పిలిచింది.