కిటికీ కింద సభ

"మనం అడుగుతున్న డాన్యూబ్ నది గ్రాంటుకు నాయకుడు ప్రొఫెసర్ కరాజోవ్" అని డీన్ ప్రకటించగానే హాల్లో చప్పట్లు మోగాయి. వెనక వరసలో కూర్చున్న నెవేనా చేతులు మాత్రం కదల్లేదు. డాన్యూబ్‌లో నడుంలోతు నీళ్లలో దిగి చేపల్ని పట్టి పరీక్షించింది ఆమె. పరిశోధన పథకం అక్షరం అక్షరం రాసింది ఆమె. కరాజోవ్ ఆ నదిని కారు అద్దంలోంచి తప్ప చూసి ఎరగడు.

నాయకత్వం తనకెందుకు ఇవ్వలేదని ఆమె లేచి అడిగేసింది. డీన్ నవ్వాడు.

"రూలు అందరికీ ఒకటేనమ్మా. పని పూర్తయ్యేదాకా ఉద్యోగం ఉండేవాళ్లే నాయకత్వానికి అర్హులు. ఇది మూడేళ్ల పని. నీ కాంట్రాక్టు ఏడాదిదేగా!"

"ఏడాదికి మించి ఇవ్వనిది మీరేగా?"

మైకు ఆపేశారు.

సాయంత్రం కాంట్రాక్టు పరిశోధకులంతా ప్రయోగశాల కింది నేలమాళిగలో చేరారు. చీజ్ పెట్టిన బనిత్సా రొట్టె ముక్కలు చేతులు మారుతున్నాయి గానీ, ఎవరి కళ్లూ ఎవరినీ నమ్మడం లేదు. పోయినసారి ఇక్కడ అనుకున్న మాట తెల్లారేసరికి డీన్ చెవిన పడింది. పైగా ఇప్పుడు కొత్త కబురు: ఒక్కరిని పర్మనెంటు చేస్తారట.

"ఆ ఒక్కడెవడో మెతోదినే అడగండి" అన్నాడు మట్టి పరీక్షలు చేసే త్సొంకో. "డీన్ గదిలో కాఫీ తాగొచ్చాడుగా!"

మూల కూర్చున్న మెతోది భగ్గుమన్నాడు. "పిలిస్తే వెళ్లాను. నిన్ను పిలవలేదని ఏడుపా? అసలు చాడీలు మోసేది నువ్వు కాదని ఏంటి నమ్మకం?"

ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. నెవేనాకూ మెతోది మీదే అనుమానం. అయితే చుట్టూ చూస్తే, కొందరు తనకేసి కూడా అలాగే చూస్తున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. ఒక్కరికి వేసిన ఎర ఇంతమంది చేత ఒకర్నొకరిని కరిపిస్తోంది!

"ఆగండ్రా!" అని అరిచింది. "మనకు గుట్టు ఉన్నంతకాలం దాన్ని అమ్ముకునేవాడికి బేరం ఉంటుంది. రేపు రాజధాని సోఫియా నుంచి గ్రాంటు ఇచ్చే కమిటీ వస్తోంది. సభ డీన్ కిటికీ కిందే పెడదాం. మోసేవాడు ఇక ఏం మోస్తాడో చూద్దాం!"

"ఉద్యోగాలు పోతాయక్కా" అన్నాడు మెతోది.

"ఏడాదికోసారి ఎలాగూ పోయొస్తున్నాయిగా!"

ఎవరో ఫక్కున నవ్వారు. కాలర్ల మీది చేతులు జారాయి.

మర్నాడు అందరూ ఆవరణలో నిలబడ్డారు. విద్యార్థులు మెట్ల మీద గుమిగూడారు. పై కిటికీలో డీన్, పక్కనే కమిటీ. నెవేనా గొంతెత్తింది.

"మాకు నాయకత్వానికి అర్హత లేకపోతే, మా చాకిరీకి మాత్రం అర్హత ఎక్కడిది? ఆ పథకంలోంచి నా పేరు తీసేయండి!"

"నా పేరూ తీసేయండి!" అన్నాడు త్సొంకో.

మెతోది పెదాలు తడుపుకున్నాడు. కిటికీకేసే చూస్తూ ఉండిపోయాడు.

"నాదీ!" అని అరిచాడతను.

చాడీలు మోసింది అతనో కాదో నెవేనాకు అప్పటికీ తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆ తర్వాత పేర్లు వరదలా వచ్చిపడ్డాయి. కరాజోవ్‌కు నాయకత్వం మిగిలింది గానీ, పనిచేసే మనిషి ఒక్కరూ మిగల్లేదు. కమిటీ గ్రాంటు మంజూరు చేయకుండానే కారెక్కింది.

"ఆ మనిషిని బయటికి గెంటండి!" అని గార్డుల మీద విరుచుకుపడ్డాడు డీన్.

వాళ్లు నెవేనా గుర్తింపు కార్డు లాక్కుని, రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చారు. వెనకే మెతోది, త్సొంకో, మిగతావాళ్లూ మెడల్లోని కార్డులు తెంపి గేటు ముందు విసిరేశారు. మెట్లు దిగి ఒక విద్యార్థిని పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, రేపు సభ ఎక్కడ?"

నెవేనా తలెత్తి, కిటికీలో ఉన్నవాడికీ వినబడేలా చెప్పింది.

"ఇక్కడే!"