పర్సోం దాక తిరిగిన బండి

యేసురాజుకి హిందీ వచ్చు. వచ్చంటే ఏదో అలా ఇలా కాదండీ, రాజమండ్రిలో సాయంకాలం క్లాసులకి వెళ్ళి, పరీక్షలు రాసి, ఆ సర్టిఫికెట్లు పటాలు కట్టించి గోడకి తగిలించుకున్నంత వచ్చు. కల్ అంటే నిన్న, రేపు. పర్సోం అంటే మొన్న, ఎల్లుండి. వెనక్కో ముందుకో క్రియను బట్టి పోల్చుకోవాలి. ఇంత తెలిసిన మనిషి సికింద్రాబాదులో బొక్కబోర్లా పడ్డాడంటే ఎవరైనా నమ్ముతారా? పడ్డాడు. అదీ మూడు చక్రాల మోటారుసైకిలు కొనబోయి పడ్డాడు.

ఆ వయసులో మోటారుసైకిలేమిటి, అందులో మూడు చక్రాలేమిటి అంటారా, వినండి. ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేశాడు. సర్వీసంతా చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, పచ్చ జెండా ఊపుకుంటూ ఊళ్ళన్నీ చూశాడు. ఇంటికొచ్చినప్పుడల్లా భార్య ప్రేమమణితో ఒకటే మాట. "రిటైరవనీవే, ఇవన్నీ నీకూ చూపిస్తాను." ప్రేమమణి టీచరమ్మ. సరేనండీ అని నవ్వి, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకునేది. తీరా ఆయన రిటైరయ్యాడో లేదో, ఆవిడ బడిమెట్ల మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. వైద్యం కోసం సికింద్రాబాదు వచ్చి, మెట్టుగూడలో ఓ వాటా అద్దెకి తీసుకున్నారు. ఎముకైతే అతికింది కానీ, కాలు ఇక మడవడానికి రాదన్నారు.

మడవని కాలుతో మనిషి ఎక్కడికి వెళ్తుంది? రైలు మెట్లు ఎక్కలేదు. బస్సులో ముందు సీటు అడ్డం. ఆటోలో అయితే కాలు బయటికి చాపాలి, లేదా మొగుడి ఒళ్ళో పెట్టాలి. గతుకు వస్తే పెదవి కొరుక్కుంటుంది. అంచేత ఆవిడ టూరంతా పడగ్గదినుంచి వీధి గుమ్మం దాకానే. పోనీ ఒక్కసారైనా విసుక్కుందా? లేదు. "మెదక్ చర్చి చాలా పెద్దదటగా, మీరు చూశారుగా, లోపల ఎలా ఉంటుందండీ?" అని మాత్రం అడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా యేసురాజుకి ప్రాణం ఉసూరుమనేది. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేని వెధవనని తనని తానే తిట్టుకునేవాడు.

అలాంటి సమయంలో చర్చి పెద్ద దేవానందం ఒక కబురు చెప్పాడు. "బొల్లారంల మౌలా అలీ అని సీట్లు కుట్టే ఆయన ఉన్నడంట బ్రదర్. ఆయన దగ్గర సైడ్ కారు తగిలించిన బుల్లెట్ బండి ఉందంట. కాళ్ళు చాపుకొని కూసునేటట్టు సీటు చేసిండంట. అమ్ముతడంట."

కాళ్ళు చాపుకుని! యేసురాజు మర్నాడే బొల్లారం బస్సెక్కాడు.

బండి చూడగానే ఆయన కళ్ళు చెదిరాయి. మిలిటరీ వేలంలో పాడుకున్న బుల్లెట్. దాని పక్కన చిన్న పడవలాంటి డబ్బా. డబ్బాలో ఎర్ర రెగ్జిన్ సీటు, వీపుకి ఒక దిండు, మోచేతులకి రెండు చిన్న దిళ్ళు, ముందు గాలికి అద్దం. పాదాల దగ్గర తలుపు తెరిచి లోపలికి నేరుగా కాలు పెట్టుకోవచ్చు. అంత కాలూ చాపినా ఇంకా జానెడు జాగా మిగులుతుంది. యేసురాజు సీటు నొక్కి చూశాడు. చెయ్యి మెత్తగా దిగి, మళ్ళీ పైకి లేచింది.

"గంత మంచిగ ఎట్ల కుట్టిన్ననుకుంటున్నరు?" అన్నాడు మౌలా అలీ, బీడీ పారేసి. గడ్డం నెరిసిన బక్కపలచటి మనిషి. "మా ఘర్‌వాలీ కోసం కుట్టిన సార్. షహర్ బానో. చిన్నప్పటి సంది ఆమెకు కాలు సక్కగ లేకుండె. పర్సోం దాక గిండ్లనే తిరిగింది. దర్గాలకు, సంతకు, యాప్రాల్ల అక్క ఇంటికి, అన్ని గిండ్లనే."

"పర్సోం దాకానా? మరి ఇప్పుడు?"

"పర్సోం గుజర్ గయీ సార్. అల్లా దగ్గరికి పోయింది."

యేసురాజు సీటు మీద చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. మొన్న! మొన్న పోయింది, ఇవాళ బండి అమ్ముతున్నాడు! క్రియ చూసుకున్నాడు. గుజర్ గయీ. భూతకాలమే. సందేహం లేదు.

"ఎంత పని జరిగిందండీ!" అన్నాడు.

"ఏం జేస్తం సార్. టైర్లు కొత్తయి, చూడుండ్రి."

యేసురాజుకి టైర్లు కనపడలేదు. ఇంట్లో రేడియో మోగుతోంది. అరుగు మీద ఇద్దరు పిల్లలు గోళీలాడుకుంటూ కొట్టుకుంటున్నారు. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. మొన్న శవం లేచిన ఇల్లా ఇది? ఒకవేళ వీళ్ళ ఆచారం వేరేమో. నలభై రోజులు ఏదో చేస్తారని విన్నాడే! ఇంతలో చేతినిండా గాజులతో ఒకావిడ రెండు కప్పుల చాయ్ పట్టుకొచ్చింది. "జెల్ది చెప్పుండ్రి సాబ్‌కు, ఎండ ఎక్కుతున్నది," అని మౌలా అలీని కసిరి లోపలికి పోయింది.

"వీరు?" అన్నాడు యేసురాజు.

"మా ఘర్‌వాలీ సార్. జైతున్ బీ."

చాయ్ సగం పొట్టలోకి, సగం ముక్కులోకి వెళ్ళింది. మొన్న పోయిన పెళ్ళాం ఎవరు, ఇప్పుడు చాయ్ తెచ్చిన పెళ్ళాం ఎవరు? నిన్ననే నిఖా అయిందా? క్రైస్తవుడికి దయ్యాల భయం ఉండకూడదు. అయినా తలుపు సందులోంచి ఓసారి ఆవిడ పాదాల వంక చూశాడు. తిన్నగానే ఉన్నాయి. పోనీ అడిగేద్దామా అంటే, చావింట్లో గుచ్చి గుచ్చి అడగడం ఎలా? బేరం సంగతి తర్వాత చెబుతానని, చెప్పులు ఎడమది కుడికి తొడుక్కుని బయటపడ్డాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పేసరికి ప్రేమమణి మంచం మీద నిటారుగా కూర్చుంది.

"మొన్ననా? పాపం, పిల్లలున్నారంటున్నారు. మీరేం చేశారు మరి?"

"చాయ్ తాగి వచ్చాను."

"సిగ్గులేదుటండీ? చావింటికెళ్ళి బేరమాడి, చాయ్ తాగి, ఒక్క ఆదరణ మాటన్నా చెప్పకుండా వచ్చారా? నా కాలు విరిగినప్పుడు పదిమంది వచ్చి కూర్చోలేదూ?"

"అసలక్కడెవరూ ఏడవడం లేదే! వాళ్ళ వరస నాకు అర్థం కాలేదు. ఇంకో ఆవిడ కూడా..."

"అర్థం కాకపోతే అడగాలి. పదండి, నేనూ వస్తాను. దేవానందం గారికి కబురు పెట్టండి. ఆదరణ కూడిక పెట్టి, ప్రార్థన చేసి వద్దాం. బండి మాట మాత్రం ఎత్తకండి."

"ఆటోలో వస్తావా? అంత దూరం?"

"ఒళ్ళో పెట్టుకోండి కాలు."

ఆ మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఆటోలో బయల్దేరారు. దేవానందం బైబిలు పట్టుకుని డ్రైవరు పక్కన సర్దుకున్నాడు. వెనక ప్రేమమణి వారగా కూర్చుంది, ఆవిడ కాలు యేసురాజు ఒళ్ళో ఉంది. ఆ రోడ్డు సంగతి మీకు తెలుసుగా! కార్ఖానా దాటేసరికి ఆవిడ పెదవి మీద పళ్ళ గాట్లు పడ్డాయి. "ఆగుదామా?" అంటే తల అడ్డంగా ఊపింది. యేసురాజుకి కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చనిపోయిందని ఇంత బాధ పడుతూ వెళ్ళే ఆడమనిషిని, తాను రైలు పట్టాల పొడుగునా మాటలతో మభ్యపెట్టాడు.

తలుపు తీసింది జైతున్ బీయే. చంకలో బైబిలు ఒకరికి, చేతికర్ర ఒకరికి, ఏడుపు మొహాలు ముగ్గురికీ. ఆవిడ బిత్తరపోయింది.

"ఏందీ? ఎవరు సచ్చిండ్రు?"

"అదేనమ్మా," అన్నాడు దేవానందం గొంతు తగ్గించి. "ఇంట్ల మొన్న జరిగిందంట గద. ఓదార్పు చెప్పి పోదామని వచ్చినం."

"మొన్న ఏం జరిగింది? పిల్లి పాలు తాగింది, గంతే!"

లోపల్నించి మౌలా అలీ సూది చేత్తో పట్టుకునే వచ్చాడు. "మీరే చెప్పారు కదండీ, షహర్ బానో గారు పర్సోం పోయారని," అని యేసురాజు అనగానే, మౌలా అలీ అయోమయంగా చూసి, "ఔ సార్, పర్సోమే. పెద్దోడు పాకుతుండె అప్పుడు. ఇప్పుడు వానికి మీసాలొచ్చినై," అన్నాడు.

ముందు దేవానందమే పగలబడి నవ్వాడు. చంకలో బైబిలు జారి కింద పడబోయింది.

"అయ్యో బ్రదర్! పర్సోం అన్నడా? ఆ ముక్క ముందుగాల నాతోటి చెప్పకపోతివి. ఇక్కడ పర్సోం అంటే మొన్న కాదు. పోయిన వారం పర్సోమే, పోయిన ఏడు పర్సోమే, నిజాం గుర్రమెక్కి తిరిగింది సుత పర్సోమే!"

"మరి పుస్తకంలో..." అన్నాడు యేసురాజు. జైతున్ బీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. యేసురాజుకి భూమి చీలితే బాగుండు అనిపించింది. గోడకి తగిలించిన ఆ పటాలన్నీ పీకి పొయ్యిలో పెట్టాలనుకున్నాడు.

ప్రేమమణి మాత్రం నవ్వలేదు. కర్ర మీద ఆనుకుని, అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. "ఎన్నేళ్ళయితే ఏంటండీ? పోయిన మనిషి పోయినట్టేగా. వచ్చాం కాబట్టి ప్రార్థన చేసుకునే వెళ్దాం. మీకు అభ్యంతరం లేకపోతేనే, అన్నయ్యగారూ," అంది.

మౌలా అలీ ఆవిడ కాలు వంక చూశాడు. జేబులోంచి రుమాలు తీసి తలకి కట్టుకున్నాడు. జైతున్ బీ కూడా నవ్వు ఆపి కొంగు తల మీదికి లాక్కుంది. దేవానందం చిన్న ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నప్పుడు మౌలా అలీ కూడా ఆమీన్ అన్నాడు. అని, మొహం రెండు చేతులతో తుడుచుకుని, "రా చెల్లె, సీటు చూడు," అన్నాడు.

బండి మాట ఎత్తకూడదనుకున్న ప్రేమమణి కాదనలేకపోయింది. ఆయనే తలుపు తెరిచాడు, ఆయనే దిండు సర్దాడు. ఆవిడ కూర్చుంది. కాలు లోపలికి నేరుగా, హాయిగా వెళ్ళిపోయింది. వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుని, "ఏవండీ," అంది, "నొప్పి లేదండీ." యేసురాజు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక చక్కర్ కొడదం," అని మౌలా అలీ కిక్కు కొట్టాడు. బుల్లెట్ డుగడుగలాడింది. వీధంతా బయటికొచ్చి చూసింది. బండి సందు మలుపు దగ్గరికి వెళ్ళింది. అక్కడో పెద్ద గుంత. మౌలా అలీ తల తిప్పకుండా, అలవాటైన గొంతుతో, గట్టిగా అన్నాడు.

"బానో, గుంత! సంభాల్!"

అని బండి నెమ్మదిగా దించి, ఎక్కించి, మలుపు తిరిగిపోయాడు.

జైతున్ బీ గుమ్మంలో నిలబడి ఉంది. యేసురాజు ఆవిడ వంక చూడలేక చూశాడు.

"విన్నరా సాబ్?" అంది. "పెద్దోడు పాకేటప్పుడు వచ్చిన నేను ఈ ఇంటికి. ఒక్కనాడు సుత గా సీట్ల కూసోలే. కూసోమని ఆయన అననుగూడ అనలే. నెలకొకపారి రెగ్జిన్ తుడుస్తడు, నూనె పోస్తడు. అమ్ముమని నేనే నెత్తి మీద కూసున్న. కొనేటందుకు వచ్చినోళ్ళందరికి ఏదో ఒకటి చెప్పి పంపిస్తుండె. ఇయ్యాలనే తీస్కపోండ్రి సాబ్. రేపంటే మళ్ళ అమ్మడు."

యేసురాజుకి పర్సోం అంటే ఏమిటో ఇప్పుడే అర్థమైంది. మిగతాదంతా అర్థం కాకుండా పోయింది. ఆ మనిషి దగ్గర్నుంచి ఈ బండి తీసుకుపోవడం పుణ్యమా, పాపమా? తీసుకోకపోతే ప్రేమమణి మళ్ళీ ఆ వీధి గుమ్మం దాకానే. తీసుకుంటే మౌలా అలీ తుడవడానికి ఏం మిగులుతుంది? ఈవిడ మొహం చూస్తే అదొక బాధ. చర్చిలో అడిగినా దీనికి జవాబు చెప్పేవాళ్ళుండరు.

బండి తిరిగొచ్చి ఆగింది. గాలికి ప్రేమమణి జుట్టు రేగిపోయింది, మొహం వెలిగిపోతోంది. కానీ దిగుతూ ఆవిడ మౌలా అలీ చెయ్యి కాసేపు వదల్లేదు. బానో అన్న పేరు ఆవిడకీ వినబడింది.

"అన్నయ్యగారూ, మీకు ఇవ్వాలని లేకపోతే వద్దండీ," అంది.

మౌలా అలీ తల మీది రుమాలు తీసి సీటు తుడిచాడు. జైతున్ బీ లోపలికెళ్ళి తాళంచెవి రెండోది తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే పోయి వాళ్ళింట్ల ఇడ్సిపెట్టి రా," అంది. కసురుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టూ లేదు. "వచ్చేటప్పుడు బస్సుల రా. నేను స్టాపు కాడ ఉంట."

మౌలా అలీ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. యేసురాజుకి అనిపించింది, ఆయన ఆవిడని ఇంతసేపు చూడడం ఇదే మొదటిసారేమోనని. తర్వాత తల ఊపి, బండెక్కాడు.

బేరం ఆడలేదు. మౌలా అలీ అడిగిన ధరకే ఖాయం చేసుకున్నారు. దేవానందం బస్సుకి పోయాడు. ప్రేమమణి డబ్బాలో, యేసురాజు మౌలా అలీ వెనక. బండి అల్వాల్ వైపు సాగింది. గుంత వచ్చినప్పుడల్లా మౌలా అలీ "చెల్లె, గుంత!" అంటూనే ఉన్నాడు. ఆవిడ దిండు గట్టిగా పట్టుకుంటోంది.

"ముందుగాల చెప్పాలె సార్," అన్నాడు లోతుకుంట దగ్గర, వెనక్కి తిరగకుండా. "చెప్పకుంటే కాలు అదురుతది. బండి నడుపుడు ఎవ్వరికైనా వస్తది. గిది నేర్చుకోవాలె."

యేసురాజు రెప్ప వెయ్యకుండా రోడ్డు చూడడం మొదలుపెట్టాడు. సర్వీసంతా వెనక పెట్టెలో కూర్చుని, దాటిపోయిన దారి చూసినవాడు. ముందుకి చూడడం అలవాటు లేని పని. కార్ఖానాలో మౌలా అలీ రెండు గుంతలు ఆయనకే వదిలేశాడు, అవి ఆయన కంట పడలేదు. ప్రేమమణి పెదవి కొరుక్కుంది. యేసురాజు ముందుకి వంగాడు. మూడోది మౌలా అలీ నోరు తెరిచేలోపే చూశాడు.

"మణీ, గుంత!" అని రోడ్డు మీదందరూ తిరిగి చూసేలా అరిచాడు.

మౌలా అలీ నోరు మూసుకున్నాడు. అక్కణ్ణించి మెట్టుగూడ దాకా మళ్ళీ తెరవలేదు.