మూడో సూది

సూదుల్లో దారాలు ఎక్కించడం కాజాలక్కకు టీ కంటే ముందు పని. అరచేతిలో పట్టే చిన్న దిండు ఒకటుంది. దాని మీద సూదులన్నీ వరుసగా గుచ్చి, తెల్ల దారాలు ఎక్కువ, నల్లవి తక్కువ, బూడిదరంగువి ఒకటో రెండో ఎక్కించి పెట్టుకుంటే దుకాణంలో కళ్ళు చికిలించుకునే బాధ తప్పుతుంది. ఈమధ్య కళ్ళద్దాలు వచ్చాయి. అయినా మొదటిసారి ఎక్కని దారాన్ని తిట్టడం మాత్రం మానలేదు.

“నీ దుంపతెగ, ఎక్కు” అంది దారంతో.

మంచం మీద నుంచి చెల్లెలు నవ్వింది. నవ్వితే పొత్తికడుపులో పొడిచినట్టవుతుంది, అందుకని నవ్వు సగంలో ఆపేసింది.

“ఇవాళేంటో గుర్తుందా?”

“ఎందుకు లేదు? చొక్కాలు బోలెడున్నాయి.”

“నా దగ్గరా నీ నాటకాలు? మధ్యాహ్నం మూడో సూది.”

“రేపు వేయించుకుంటాలే. అదెక్కడికి పోతుంది?”

“అదెక్కడికీ పోదు. పోయేదాన్ని నేను.”

“పొద్దున్నే పాడుమాటలూ నువ్వూను” అని కసిరింది అక్క. కసిరి, వెంటనే నొచ్చుకుంది. గంజి కలిపి తెచ్చి, చెంచాతో నోటికి అందించింది. రెండు చెంచాలు పోయాక చెల్లెలు చేత్తో వారించింది. నిన్నా అంతే, మొన్నా అంతే. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఇక ఇంటికి తీసుకెళ్ళండి అని పెద్దాసుపత్రివాళ్ళు చెప్పి పంపినప్పటి నుంచి అక్క రోజూ పనికి వెళ్ళనంటుంది, చెల్లెలు రోజూ తరిమేస్తుంది. ఇవాళ మరీ పట్టుపట్టింది.

“అది వేయించుకోకుండా ఇంటికొచ్చావో, నీతో మాట్లాడను” అంది.

చొక్కాలకు బొత్తాలు దూరే కాజాలు కోసి, అంచులు దారంతో చుట్టి, బొత్తాలు కుట్టడం కాజాలక్క బతుకుతెరువు. క్షణంలో కాజా తీసే మిషన్లు వచ్చి ఎన్నాళ్ళో అయింది. చేత్తో కుట్టిన కాజాయే కావాలని పట్టుబట్టే పెద్దమనుషులు కొందరు మిగిలారు కాబట్టి ఆమెకు పని మిగిలింది. అమ్మ పోయేనాటికి చెల్లెలు బడికెళ్ళే పిల్ల. అప్పుడు పట్టిన సూది ఇంక దించలేదు. చెల్లెలి చదువు కానీ అంది, చెల్లెలి పెళ్ళి కానీ అంది, తన పెళ్ళి మాట ఎత్తినవాళ్ళనల్లా చూద్దాంలే అని పంపేసింది. చూస్తూ చూస్తూ నలభై దాటింది. చెల్లెలి పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. మొగుడు వేరే ఊరూ వేరే మనిషినీ చూసుకుంటే, పెట్టె పట్టుకుని అక్క గదికే తిరిగొచ్చింది. ఆ తరువాత ఇద్దరికీ ఒకటే గది, చలికాలంలో ఒకటే కంబళి. రొట్టెముక్క అయినా పండు అయినా చెరి సగం.

రక్తం కనిపించడం మొదలైనప్పుడు అది నెలసరి తేడా అనుకుంది చెల్లెలు. సిగ్గుపడి దాచింది. ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కునేవారు కాబట్టి అక్క కంటపడలేదు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ అని తేలేసరికి అది ముదిరిపోయింది. ఇది ఒక వైరస్ వల్ల వస్తుందనీ, రాకుండా టీకా ఉందనీ, చిన్నప్పుడే వేయిస్తే బాగా పనిచేస్తుందనీ డాక్టరమ్మ చెబుతుంటే అక్క ఏడుస్తూ కూర్చుంది. చెల్లెలు మాత్రం ఏడవకుండా ఒకే ప్రశ్న అడిగింది.

“మా అక్క వయసులో వేయించుకోవచ్చా?”

“ప్రైవేటుగా, సొంత ఖర్చుతో వేయించుకోవచ్చమ్మా. చిన్నపిల్లలకు పనిచేసినంత చేస్తుందని చెప్పలేను. ఆవిడకు పెళ్ళి కాలేదంటున్నారు కాబట్టి కొంత ఉపయోగం ఉండొచ్చు. టీకా వేసుకున్నా పరీక్షలు మాత్రం మానకూడదు.”

అంతే. చెల్లెలు తన కుట్టుమిషను అమ్మేసి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే దారిలోనే ఉన్న క్లినిక్‌లో మూడు డోసులకూ ఒకేసారి కట్టేసి వచ్చింది. దారపు ముక్కను కూడా పారేయని అక్క, కట్టేసిన డబ్బును వదులుకోలేదని ఆమెకు బాగా తెలుసు.

“పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, నాకెందుకే ఇది?” అని నెత్తీనోరూ బాదుకుంది అక్క.

“అందుకే. ఆ బావగారిని ఇంకెన్నాళ్ళు కూర్చోబెడతావు?”

బావగారంటే దుకాణంలో కటింగ్ మాస్టరు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, నోట్లో మాట తక్కువ. రోజూ పొద్దున్న కాజాలక్క పక్కన టీ గ్లాసు పెట్టి “చల్లారిపోతుంది” అని వెళ్ళిపోతాడు. ఆయన ప్రేమ భాష మొత్తం ఆ ఒక్క మాటే అని చెల్లెలు ఎగతాళి చేసేది. “చచ్చేదానివి చావక నాకు సంబంధాలు చూస్తున్నావా?” అని అక్క మండిపడేది. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు అయిపోయాక గదిలో కూర్చోలేక అక్క బిందె పట్టుకుని నీళ్ళకు వెళ్ళేది.

ఆమె బాధ వేరు. చెల్లెల్ని తినేస్తున్న రోగం తనకు రాకుండా మందు వేయించుకోవడం, ఆకలితో ఉన్న పిల్ల ముందు కూర్చుని కడుపునిండా తిన్నట్టుండేది. మొదటిసారి వెళ్ళినప్పుడు క్లినిక్ డాక్టరుతో “సగం నాకు వేసి సగం మా చెల్లికి వేయండి, మాకు అలా అలవాటే” అంది. డాక్టరు నవ్వలేదు. వచ్చిన రోగాన్ని ఇది తగ్గించదమ్మా అని ఓపికగా రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పాక ఆమె తలూపింది కానీ, తలూపడమే, నమ్మడం కాదు.

దుకాణం సందులోకి ఉంటుంది. ముందు గదిలో కొలతలూ కోతలూ, వెనక గదిలో మిషన్లు. రెండిటి మధ్య కిటికీ దగ్గర పొట్టి స్టూలు మీద కాజాలక్క. సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి వంగి కుట్టడం వల్ల మెడ వెనక చిన్న బుడిపె లేచింది. కుడి చూపుడువేలు కొస గట్టిపడి చెక్కలా ఉంటుంది, సూది గుచ్చుకున్నా తెలియదు. ఇవాళ వచ్చిందే ఆలస్యంగా, ఎవరినీ పలకరించలేదు. గుడ్డ మడత మీద గుర్తులు పెట్టుకుని, కత్తెర మొనతో చీల్చి, అంచు చుట్టూ దారం బిగించుకుంటూ పోయింది. చెల్లెలి దగ్గర పక్కింటి పిన్నిని కూర్చోబెట్టి వచ్చింది. పిన్ని మంచిదే, కానీ కాస్త కునుకు ఎక్కువ. నీళ్ళు అడిగితే వినిపిస్తుందో లేదో.

చివరి కాజా ముడివేసి, చొక్కాను దులిపి ఎత్తి చూసుకుంది. చూసి, మళ్ళీ చూసింది. కాజాలన్నీ కుడివైపు ముక్క మీద ఉన్నాయి.

మగవాళ్ళ చొక్కాకు కాజాలు ఎడమవైపు ఉండాలి. కుడివైపు కాజాలు ఆడవాళ్ళ బట్టలకు. పనిలో చేరిన మొదటిరోజు నేర్పే పాఠం ఇది. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఒకసారి చేసి తిట్లు తింటే మళ్ళీ చేయరు. బొత్తాం తప్పుగా కుడితే ఊడదీసి కుట్టొచ్చు. కోసిన కాజాను ఏం చేసినా పూడ్చలేము. ఆమెకు కంగారు పుట్టింది. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటిది జరగలేదు.

అయితే ఆ కంగారు వెనకే మరొకటి కూడా వచ్చింది. ముందు ముక్క విప్పేసి, కొత్త గుడ్డ కోయించి, మళ్ళీ కాజాలు తీసేసరికి సాయంత్రమవుతుంది. ఇక క్లినిక్‌కు వెళ్ళే వీలుండదు. తప్పు చేసిన మనిషికి ఇంత హాయిగా ఉండకూడదు, కానీ ఉంది.

చొక్కా తీసుకెళ్ళి మాస్టరు బల్ల మీద పరిచింది.

“మాస్టారూ, చూడండి ఎంత పని చేశానో. కొత్త ముక్క కోసిస్తే సాయంత్రానికల్లా సరిచేసేస్తా. ఇవాళ ఎక్కడికీ వెళ్ళను.”

మాస్టరు కాజాలను వేలితో తడిమి చూశాడు. తరువాత చొక్కా ఎత్తి తన భుజాలకు ఆనించుకున్నాడు.

“నాకు సరిపోతుంది. ఇది నేనుంచుకుంటా. ఆయనకు వేరేది కోస్తాను.”

ఆ చొక్కా బజారులోకెల్లా లావుపాటి మనిషిది. మాస్టరులాంటివాళ్ళు ఇద్దరు అందులో దూరి, మూడోవాడికి చోటు ఇవ్వగలరు.

“ఇది మీకు సరిపోవడమేంటండీ? పైగా ఆడవాళ్ళ వైపు బొత్తాలు. చూసినవాళ్ళు నవ్వరూ?”

“నవ్వితే నవ్వుతారు. నాకేం పోయింది?” అని ఆయన చొక్కా మడతపెట్టాడు. బల్లతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. “మీ చెల్లెలుగారు నిన్న ఫోన్ చేశారు. ఏ వంక పెట్టినా మిమ్మల్ని పంపించమన్నారు. నేను మాటిచ్చాను. వెళ్ళిరండి.”

ఆమెకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. రెంటిలో ఏది ముందు అన్నది తేల్చుకోలేక సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

క్లినిక్ మందుల షాపు పైన ఉంటుంది. మెట్ల మీద ఫినాయిల్ వాసన. లోపల గోడ వారగా కుర్చీలు, వాటి నిండా అమ్మలూ ఆడపిల్లలూ. మొదటిసారి వచ్చినప్పుడు నర్సు ఆమె వెనక్కి తొంగిచూసి “పాప ఏదమ్మా?” అంది. “నాకే” అంది గొణిగినట్టు. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తల తిప్పి చూశారు. ఒంటరిదానికి ఈ వయసులో ఇదేం అవసరమో అని వాళ్ళు అనుకున్నట్టే అనిపించింది. వాళ్ళేం అనుకున్నారో వాళ్ళకే తెలియాలి. ఇప్పుడు మాత్రం నర్సుకు మొహం అలవాటైంది.

“మూడోది కదండీ? ఇవాళ్టితో అయిపోతుంది” అంది నవ్వుతూ.

ఆమె కంటే ముందు ఒక పిల్ల వంతు. పన్నెండేళ్ళుంటాయేమో. సూదిని చూడగానే తల్లి చంకలో మొహం దాచుకుని కదలనంది. తల్లి బతిమాలింది, కోప్పడింది, చివరికి “అదుగో, ఆ ఆంటీ కూడా వేయించుకుంటోంది చూడు” అంది. కాజాలక్క లేచి వెళ్ళి పక్కన కూర్చుంది.

“నా వేలు పట్టుకో. నొప్పేస్తే గట్టిగా నొక్కు. ఈ వేలికేం తెలీదులే, రోజూ సూదులు గుచ్చుకునే వేలే” అంది.

పిల్ల ఆ గట్టి వేలిని అనుమానంగా తడిమి, పట్టుకుంది. నర్సు పని అయిపోయింది. “అయిపోయిందా?” అంది పిల్ల, మోసపోయినట్టు. అందరూ నవ్వారు. అమ్మ పోయిన ఏడాది చెల్లెలు కూడా అచ్చం ఇంతే ఉండేది. ఇలాంటి జడే, ఇలాంటి మోకాళ్ళే. అప్పుడెవరైనా చెప్పి ఉంటే, ఇలాంటిదొకటి ఉండి ఉంటే, దాన్ని చంకనేసుకుని అయినా తెచ్చేదాన్ని కదా అనుకుంది. ఆ ఆలోచన రాగానే ఇన్నాళ్ళూ బిగపట్టినదంతా కట్ట తెంచుకుంది. తన ఎడమ చేతికి సూది దిగుతున్నప్పుడు ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“నొప్పిగా ఉందా అండీ?” అని నర్సు కంగారుపడింది.

“లేదమ్మా. నీ చెయ్యి చాలా మంచిది.”

కాసేపు కూర్చుని వెళ్ళాలన్నారు, కళ్ళు తిరుగుతాయేమో చూడటానికి. కూర్చుంది. చాలారోజుల తరువాత మనసు కొంచెం తేలికపడింది. చెల్లెలు గెలిచింది. గెలవనీ. ఇంటికెళ్ళి ఆ చొక్కా సంగతి చెప్పాలి, బావగారు అందులో ఎలా ఉంటాడో చూపించాలి. కడుపునొప్పి వచ్చినా సరే, ఇవాళ దాన్ని పూర్తిగా నవ్వించాలి.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. పిన్ని.

“సూది వేశారా అమ్మా?”

“వేశారు పిన్నీ. ఇప్పుడే.”



“అయితే వచ్చెయ్. కంగారేం లేదు. నెమ్మదిగా రా.”

కంగారేం లేదన్న మాటతోనే ఆమెకు తెలిసిపోయింది. మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ పక్కకు జరిగి పోయారు. తరువాత లేచి ఇంటికి నడిచింది. పరుగెత్తాల్సిన పని లేని దారి అంత పొడుగుంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

గది శుభ్రంగా ఉంది. చెల్లెలు కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది, ఆ కళ్ళను పిన్ని అప్పటికే మూసిపెట్టింది. పిన్ని గుమ్మం దగ్గరే ఆమె చేతులు పట్టుకుంది.

“మధ్యాహ్నమే అమ్మా. బాధేం పడలేదు. ఊపిరి తీస్తూ తీస్తూ మానేసింది. వెంటనే నీకు చేద్దామని ఫోన్ తీశాను. కానీ పొద్దున్నే నాతో ఒట్టు వేయించుకుంది, ఏం జరిగినా సరే, సూది పడేదాకా అక్కకు చెప్పొద్దని. చెబితే వేయించుకోకుండా వచ్చేస్తుందంది. తప్పు చేశానా?”

“లేదు పిన్నీ. వచ్చేసేదాన్నే.”

మంచం మీద కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, సూది వేసినచోట అంటించిన గుండ్రటి పట్టీని చెల్లెలి మొహం ముందు పెట్టింది.

“చూడవే. వేయించుకున్నా. ఇక మాట్లాడు” అంది.

 కాసేపటికి చెల్లెలి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అది ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఇన్నాళ్ళూ ప్రతిదీ చెరి సగం అన్నావు, ఇది ఒక్కటీ అంతా నాకే వదిలేశావు అని తిట్టింది. తిట్టి, ఆ అరచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

చీకటి పడబోతుంటే పిన్ని దీపం వేసింది. నీళ్ళు తాగమంది. ఆమె లేవకపోతే తనే వంటగట్టు దగ్గరికి వెళ్ళి, అక్కడున్న గ్లాసును ముట్టుకోబోయి ఆగింది.

“ఇదిగో, ఇది కూడా మీ చెల్లెలే పెట్టింది. నువ్వు అటు వెళ్ళగానే గోడ పట్టుకుని లేచింది. నేను పెడతానన్నా వినలేదు. పోయినసారి సూదికి నీకు రాత్రంతా జ్వరమొచ్చిందట కదా, ఈసారి పక్కన ఎవరూ లేకపోతే అక్క వేసుకోదు అంది.”

గట్టు మీద నిండా నీళ్ళున్న గ్లాసు, దుమ్ము పడకుండా దాని మీద బోర్లించిన చిన్న మూత, మూత మీద అట్ట నుంచి కత్తిరించి పెట్టిన ఒక్క జ్వరం మాత్ర.